మక్క మొలకల యాది

2011 మే నెల. తెలంగాణ కోసం రాస్తారోకో జరుగుతుండటంతో కోరుట్ల నుంచి జగిత్యాల వెళ్లే బస్సు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆగిపోయింది. వ్యవసాయ కాలేజీలో చదివే కూతురి ఒళ్లో, తిరిగి కాలేజీకి తీసుకెళ్తున్న రెండు ట్రేల మక్క (మొక్కజొన్న) మొలకలున్నాయి. పక్కన తల్లి కూర్చుంది.

“హాస్టల్ మూసిన్రని ఇంటికి తెచ్చి పెంచితివి. గిన్ని నీళ్లన్న పొయ్యరాదు బిడ్డ.”

“వద్దవ్వ. గీ ట్రేల మొలకలకు మొన్న కొంచెం వేడి చూపిన. గా ట్రేల వాటికి చూపలే. ఏవి తట్టుకుంటయో చూడాలె.”

“ఒకపారి వేడి తాకితే మొక్కకు యాదుంటదా?”

“ఉంటది. జన్యువులు మారయి గని, వాటి మీద చిన్న గుర్తులు పడుతయి. మల్ల ఎండ కొట్టంగనే మొక్కను కాపాడే జన్యువులు జల్ది పనిల దిగుతయి.”

“అన్ని ఎండిపోతే నీ ఏడాది కష్టం పాయె. పోయి అడుగు. కాలేజి పిల్లనంటే తొవ్వ ఇడుస్తరు.”

“నిన్న నేను గూడ గిట్లనే రోడ్డు మీద కూసున్న. ఎవల్ని ఇడువలే. గిప్పుడు నన్ను ఇడువుమని ఎట్ల అడుగుత?”

బస్సు కదిలేసరికి వేడి చూడని మొలకలు తలలు వాల్చేశాయి. ముందే వేడి చూసినవి ఆకులు కాస్త ముడుచుకున్నా నిలబడే ఉన్నాయి. కూతురి మనసు కుదుటపడింది.

“నువ్వన్నదే నిజమాయె. మరి గీ వాడినయి వట్టిగనే పోయినయా?”

“వట్టిగ ఎట్ల పోతయవ్వ? గవి వాడకుంటె, గివి తట్టుకున్నయని ఎవలు నమ్ముతరు?”

తల్లి వాడిన ట్రేను తన ఒళ్లోకి తీసుకుని కొంగు కప్పింది.