తియ్యక్కర్లేని వాచీ

మర్నాడే వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరాలి. ఆ సంగతి చెప్పడానికే మేనల్లుడు రంగుల దుకాణం వెనకగదిలో ఉన్న మేనమామ దగ్గరికి వెళ్ళాడు.

“మామయ్యా, మీతో ఒక మాట చెప్పాలి.”

“చెబుదువుగానిలే. ముందు చెయ్యి ఇటివ్వు.”

“వాచీయా? పాతకాలం దానిలా ఉందే.”

“పోలికే పాతది, సరుకు కొత్తదే. సముద్రంలో లోతుకి ఈదేవాళ్ళు పెట్టుకునే రకమట.”

“నాకు ఈతే రాదు కదా.”

“నాకు మాత్రం వచ్చా? రంగు కలిపి చేతులు కడిగినప్పుడల్లా వాచీ విప్పి జేబులో వేసుకుంటావు. దీన్ని ఇక తియ్యక్కర్లేదు. నీ చెయ్యి సన్నమని చిన్నదే వెతికాను. పెద్దదైతే రంగు డబ్బా మూత కట్టుకున్నట్టుండేది.”

“ఇప్పుడెందుకు మామయ్యా ఇవన్నీ?”

“నిన్ను చదివిస్తుంటే అందరూ నవ్వారు, డిగ్రీ చేతికొచ్చాక వీడు దుకాణంలో నిలబడతాడా అని. నిలబడ్డావు. ఇక మోకాలి ఆపరేషన్‌కి నిశ్చింతగా వెళ్తానని మీ అత్తకి చెప్పేశాను. ఇంతకీ ఏదో చెప్పాలన్నావు?”

“చెయిన్ కాస్త వదులుగా ఉంది.”

“రేపు బిగించుకొద్దాం. అంతేనా?”

“అంతే. తాళాలివ్వండి మామయ్యా, పొద్దున నేనే తెరుస్తాను.”