రాగిబ్ పళ్ళెంలో తిన్న ఇన్షిరాహ్ గారు

1984 అక్టోబరు 14వ తేదీన, ఇరవయ్యేళ్ళ వయసులో, శ్రీమతి ఇన్షిరాహ్ గారు మా ఊరు కఫ్ర్ అల్ జమ్మీజ్‌లోని ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరారు. పదేళ్ళ తరువాత ఇక్కడ ఆయాగా చేరిన నాకు పెద్ద చదువు లేదు. అయినా ఆవిడ పదవీ విరమణ వేళ నేను రాయకుండా ఉండలేకపోయాను.

మా పెద్దల కాలంలో కాలువ నీటి పురుగు జబ్బుకు జనాన్ని వరుసలో నిలబెట్టి ఒకే సూదితో మందెక్కించేవారు. ఆ సూదితోనే హెపటైటిస్ సి ఒకరి నెత్తురులోంచి మరొకరికి పాకిందని ఎన్నో ఏళ్ళకు గానీ తెలియలేదు. మావారు అలాగే, కాలేయం పాడై, నెత్తురు కక్కుకుని వెళ్ళిపోయారు. అందుకే ఇన్షిరాహ్ గారు వాడిన సూదిని రెండో మనిషి దగ్గరకు రానిచ్చేవారు కాదు. మంగలి హసనైన్‌ని కూడా వదల్లేదు.

"ఇది మా నాన్న కత్తి అక్కా! దీంతో ఎవడు చచ్చాడో చెప్పు?" అన్నాడతను.

"చచ్చినవాడు వచ్చి చెప్తాడా? మనిషికో కొత్త బ్లేడు వెయ్యి, లేదంటే నీ కొట్టు ముందే కుర్చీ వేసుక్కూర్చుంటా."

రెండు రోజులు నిజంగానే కూర్చున్నారు. మూడో రోజు బ్లేడ్ల పెట్టె వచ్చింది.

2018లో ఊరూరా జరిగిన పరీక్షల్లో నా కొడుకు రాగిబ్‌కు ఆ జబ్బే బయటపడింది. తండ్రి దారే వీడిదీ అనుకున్నాను. అందరం ఒకే పెద్ద పళ్ళెం చుట్టూ కూర్చుని తినే ఇంట్లో, వాడికి వేరే పళ్ళెం, వేరే గ్లాసు పెట్టాను. వాడు గోడవైపు తిరిగి తినేవాడు.

ఇన్షిరాహ్ గారు మా ఇంటికి వచ్చి తిన్నగా వాడి పక్కన కూర్చున్నారు. వాడి రొట్టె తుంచి, వాడి పళ్ళెంలోని ఉడికిన చిక్కుడు గింజల్లో అద్దుకుని నోట్లో పెట్టుకున్నారు.

"అయ్యో, వద్దక్కా!" అని అరిచాను.

"ఎందుకే ఉమ్ రాగిబ్, ఉప్పు తక్కువైందా?" అన్నారు నవ్వుతూ; రాగిబ్ తల్లిని కాబట్టి ఊళ్ళో నన్నంతా ఉమ్ రాగిబ్ అనే పిలుస్తారు. "ఇది నెత్తురు తగిలితే వచ్చే జబ్బు, అన్నం పంచుకుంటే రాదు. వాడి బ్లేడు, పళ్ళ బ్రష్షు ఎవరూ ముట్టుకోకండి, చాలు. మూడు నెలలు రోజూ మాత్రలు మింగిస్తే బిడ్డ దక్కుతాడు. ముందు నువ్వు ఏడుపాపు, వాడికి ముద్ద దిగట్లేదు."

"మరి వాళ్ళ నాన్న..."

"అప్పుడీ మందు లేదే. ఇప్పుడుంది."

తొంభై రోజులు ఆవిడే వచ్చి మాత్ర మింగించారు. మందు ముగిశాక మరో మూడు నెలలాగి మళ్ళీ పరీక్ష చేయించారు. ఆ కాగితం విప్పి ఆవిడే పెద్దగా చదివారు: "వైరస్ లేదు!" నా కేకకు వీధి వీధంతా వచ్చింది. అలా మా ఊళ్ళో నూటపదకొండు మందిని ఆవిడ గట్టెక్కించారు.

ఇప్పుడు రాగిబ్‌కు ఇద్దరు పిల్లలు. వాడు మా అందరితో పాటు పెద్ద పళ్ళెం దగ్గరే కూర్చుంటాడు. ఆ వేరు పళ్ళెంలో మా కోళ్ళు నీళ్ళు తాగుతున్నాయి.

ఇన్షిరాహ్ గారూ, మీరు ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. జబ్బులంటే నా భయం మీకు తెలిసిందే కదా, ఏడాదికోసారి పరీక్షలు మాత్రం మానకండి. శుక్రవారం భోజనానికి మా ఇంటికి రండి; రాగిబ్ పక్కన మీ చోటు ఎప్పటికీ మీదే.