పదమూడు చావుల కెప్టెన్

ఆటలు తయారుచేసే కంపెనీలో మూడో అంతస్తు గది. భోజనాల వేళ దాటింది. కథ రాసే ఆవిడ తన బల్ల దగ్గరే కూర్చుని ఉంది. ఆమె మాజీ భర్త చెల్లెలు, ఆ ఆటకి బొమ్మలు గీసే అమ్మాయి, కింద స్టూడియోలో కథానాయికకి గొంతిచ్చే ఆవిడ రికార్డింగ్ చూసి అప్పుడే పైకి వచ్చింది.

"అది కాదే పిచ్చుకా, అడిగినదానికి చెప్పు. హెడ్‌ఫోన్లు విసిరికొట్టిందా లేదా?"

"విసరలేదు వదినా."

"పోనీ, తీసేసిందా?"

"తియ్యలేదు. మంచినీళ్ళు అడిగింది. ఇచ్చారు. తాగింది."

"ఏ సీన్లో?"

"నువ్వు అసలు తిన్నావా? డబ్బా మూత కూడా తీసినట్టు లేదు."

"పిచ్చుకా."

"ఏ సీనో గుర్తులేదు. ఓడలో... ఆ పడకగది సీను అనుకుంటా."

"అనుకుంటావా? దానికి బొమ్మలు గీసిందే నువ్వు."

"గీశాను. ఆ సీన్లో కెప్టెన్‌ని వెనకనుంచే గీశాను. అలాంటి సీన్లకి సొంత అన్న మొహం పెట్టి గియ్యమంటే నావల్ల కాదని ముందే చెప్పాను. పెద్దలకు మాత్రమే అని అట్ట మీద వేసేస్తే సరిపోయిందా, గీసేదానికి కూడా కాస్త సిగ్గుంటుంది."

"మీ అన్న మొహం పెట్టమని నేను ఎక్కడ రాశాను?"

"ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉంటుందని రాశావు. చిన్నప్పుడు నేను విసిరిన పెన్సిల్ డబ్బా తగిలి తెగింది అది. ఇంకెవరి మొహం వస్తుంది చెప్పు?"

"వస్తే రానీ. వాడి మొహమే రావాలి."

"చూసినవాళ్ళు పోల్చుకుంటారు వదినా."

"పోల్చుకోవాలనే కదా ఇంత కష్టపడింది. ఆడేవాళ్ళు ఏ మాట నొక్కినా, ఏ దారిన వెళ్ళినా, ఆ కెప్టెన్ బతికి బట్టకట్టే దారి లేదు. పదమూడు ముగింపులు రాశాను, పదమూడింట్లోనూ చస్తాడు. ఒకదాంట్లో ఎండవైపు పడి మాడిపోతాడు. ఒకదాంట్లో మంచువైపు కొయ్యబారిపోతాడు. ఏడోదాంట్లో ఓడ వంటగదిలో పొగ నిండిపోతే, తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక ఊపిరాడక పోతాడు."

"ఏడోది మరీ ఘోరం."

"పదేళ్ళు కాపురం చేశాను. మా వంటగది తలుపు ఎటు తెరుచుకుంటుందో మీ అన్నకి తెలిసేది కాదు. అదొక్కటీ నేను కల్పించింది కాదు."

"నవ్వించకు. నేను నవ్వే పరిస్థితిలో లేను."

"ఎందుకు లేవు? కింద ఏం జరిగింది?"

"ఏం జరగలేదన్నాగా... వదినా, ఒక్క మాట. ఆటలోని ఆ ఊరంటే అన్నయ్యకి ప్రాణం. ఆ ఊళ్ళోనే పదమూడుసార్లు చంపాలా?"

"నేను పుట్టించిన ఊళ్ళో వాడి ప్రాణానికేం పని? ఆ ఊరు ఎలా పుట్టిందో నీకు తెలీదా?"

"బట్టలారేస్తూ."

"బట్టలారేస్తూ. వారం రోజులు ముసురు పట్టింది, ఇంట్లో ఎక్కడ చూసినా తడి బట్టలే. సూర్యుడు ఎప్పటికీ అస్తమించని ఊరొకటి ఉంటే ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆరేసుకోవచ్చు కదా అన్నాను. వాడు బకెట్ పట్టుకుని నిలబడి, 'మరి అవతలి పక్క ఎప్పుడూ చీకటే ఉండాలి' అన్నాడు. వాడి వాటా ఆ ఒక్క ముక్క. మిగతా లోకమంతా నాది. కదలని గ్రహం, ఒకపక్క మండే ఇసక, ఒకపక్క కరగని మంచు, రెంటికీ మధ్య సన్నటి సందెవెలుగులో ఊరు. పెళ్ళినాడు ఒకరి జ్ఞాపకం ఒకటి ఇంకొకరి తలలో దాచుకోవడం. విడిపోతే తిరిగిచ్చెయ్యడం. ఎగ్గొట్టినవాణ్ణి చీకటివైపుకి తోలెయ్యడం."

"మొదటి ఆటలో ఆ తోలెయ్యడం లేదే."

"అప్పటికి నాకు దాంతో అవసరం పడలేదు."

"సరే, తప్పు అన్నయ్యదే. కాదన్నానా ఎప్పుడైనా?"

"మొదటి ఆట చివర పేర్లు పడ్డప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నావు. లోకసృష్టి, కథ, మాటలు అని పెద్దక్షరాల్లో వాడి పేరు. మూడు నిమిషాలు గడిచాక, ప్రింటర్లు బాగుచేసే అతని పేరు కింద నా పేరు. 'ఓర్పు వహించినందుకు' అట."

"నాదీ అంతేగా. అన్ని బొమ్మలూ నేను గీస్తే, 'రంగులద్దడంలో సహాయం' అని వేశాడు."

"అందుకే ఆ కనుబొమ్మ అంత శ్రద్ధగా గీశావు. నాకు నీతులు చెప్పకు."

"చెప్పట్లేదు."

"అప్పుడు కూడా నోరు మూసుకున్నాను కదా. పోన్లే, ఇంటాయనే కదా అనుకున్నాను. ఆ తర్వాత ఏం చేశాడు? ఆ ఆటలో కథానాయికకి గొంతిచ్చిన దాంతో వెళ్ళిపోయాడు. నేను రాసిన మాటలు, గాజుగది అవతల నిలబడి దాని నోటివెంట విన్నాడు. విని మనసు పారేసుకున్నాడు. నా మాటలకి, పిచ్చుకా. అవే మాటలు నేను ఇంట్లో రాసి చదివి వినిపిస్తే ఆవలించేవాడు."

"ఆ సంగతి అప్పుడే వదిలెయ్యాల్సింది వదినా."

"ఎలా వదలను? రెండో ఆట రాయమంటే ఏడాదిపాటు ఒక్క పేజీ రాయలేక వాడి ఉద్యోగం ఊడింది. కంపెనీవాళ్ళు నా దగ్గరికొచ్చారు. కథానాయికకి గొంతు ఎవరిదని అడిగితే, నేనే ఆ గొంతమ్మ పేరు చెప్పాను. గొంతు మారిస్తే ఆడేవాళ్ళు ఊరుకోరని మీటింగులో అరగంట వాదించాను."

"నీది ఎంత పెద్ద మనసో అనుకున్నారు అందరూ."

"అనుకోనీ. మీ అన్న నాతో ఏకాంతంగా అన్న ప్రతి మాటా కెప్టెన్ నోట్లో పెట్టాను. వీపు మీద వేలితో అక్షరం రాసి, ఏం రాశానో చెప్పుకోమనడం. దుప్పటి సంగతి. అన్నీ. ఇదంతా దానికీ చెప్పే ఉంటాడు, కొత్తగా తనకోసమే పుట్టినట్టు. ఆ మాటలు ఇంకో మగాడి గొంతులో చెవిలో పడుతుంటే, అవన్నీ నేను వాడి పారేసినవని దానికి తెలియాలి. పదిమందీ చూస్తుండగా, గాజుగదిలో, నోరు మెదపడానికి వీల్లేకుండా. ఇప్పుడు చెప్పు. మొహం ఎలా అయింది?"

"కెప్టెన్ బొమ్మ చూసి, 'మీ అన్నయ్యలా ఉన్నాడు' అంది. అవునండీ అన్నాను."

"తర్వాత?"

"దుప్పటి మాట దగ్గర ఆగింది."

"ఆగిందా?"

"మళ్ళీ వెయ్యమంది. వేశారు. మళ్ళీ వెయ్యమంది. మొత్తం మూడుసార్లు. తర్వాతే మంచినీళ్ళు."

"అదీ. ఇంతసేపు ఎందుకు దాచావే? ఇన్నాళ్ళ కడుపుమంట ఇప్పటికి చల్లబడింది. నాకు చూసే రాత లేకపోయింది."

"చల్లబడకు అప్పుడే. నిన్ను కలవాలంది. పైకి వస్తోంది."

"ఇక్కడికా?"

"మెట్ల దగ్గర ఆపి నేను ముందొచ్చాను. నీకు చెబుదామని."

"చెప్పడానికి ఇంతసేపా? రానీ. నన్ను నాలుగు తిట్టి వెళ్తుంది, అంతేగా. తిట్టనీ. తలుపు తియ్యి."

"లోపలికి రావచ్చా అండీ?"

"నువ్వేనా? గొంతు ఇలా ఉందేమిటి?"

"నా గొంతు ఇదేనండీ. కాస్త బొంగురు. మైకు ముందు వేరేగా పెడతాను."

"రండి, ఈ కుర్చీలో కూర్చోండి. ఆ బొమ్మలు నేను తీసేస్తాను."

"వద్దమ్మా, ఫరవాలేదు. ఒక్క సంగతి అడిగి వెళ్ళిపోతాను. మేడమ్, ఆ దుప్పటి మాట ఉంది చూడండి. 'దుప్పటంతా నువ్వే లాక్కో, చలేస్తోందని నీ దగ్గరికి జరగడానికి నాకో వంక ఉంటుంది' అని. అది కెప్టెన్ ఎవరితో అన్నాడండీ?"

"నీతో. నువ్వు వేసే పాత్రతో."

"ఆటలో కాదండీ."

"నాతో అన్నాడు. చాలా? నీతోనూ అనుంటాడు."

"లేదండీ. మా ఇంట్లో రెండు దుప్పట్లు."

"ఏంటి?"

"ఆయనకొకటి, నాకొకటి. మొదటినుంచీ అంతేనండీ. వీపు మీద రాయడం కూడా నాకు తెలీదు. ఆ సీను చదివి, ఎంత బాగుంది, ఇది ఎవరు ఊహించారో అనుకున్నాను."

"అబద్ధం. నన్ను ఏడిపించడానికి చెప్తున్నావు."

"మీరు నన్ను ఏడిపించడానికి పిలిపించారు కదండీ. రెండో సీనుకే తెలిసిపోయింది."

"తెలిసీ ఆ మాటలు చెప్పావా? లేచి వెళ్ళిపోలేదే?"

"ప్రతి సీన్లోనూ ఆ అమ్మాయికి ఎక్కడ నొప్పి పుడుతుందో ఆలోచించి రాశారు. నన్ను మనసులో పెట్టుకుని ఒకళ్ళు అంతసేపు ఆలోచించడం అదే మొదటిసారండీ. వెళ్ళబుద్ధి కాలేదు."

"మరి వాడు... ఇంట్లో నీతో ఏం మాట్లాడతాడు?"

"మాట్లాడరండీ. వింటారు."

"అన్నయ్య వినడమేంటండీ? జన్మలో ఎవరి మాటా వినలేదు."

"మొదటి ఆట స్క్రిప్టు ఇంట్లో ఉందమ్మా. రోజూ సాయంత్రం అది నా చేతికిస్తారు. కథానాయిక మాటలు, కథానాయిక గొంతులో చెప్పాలి. ఎదురుగా కూర్చుని వింటారు. రెండో ఆట రాసుకోవడానికేమో అనుకున్నాను. పక్కన కాగితాలు పెట్టుకునేవారు, తెల్లగానే ఉండేవి. ఉద్యోగం పోయాక కాగితాలు తెచ్చుకోవడం కూడా మానేశారు. వినడం మాత్రం మానలేదు. మధ్యలో నేను, ఇవాళ బస్సు దొరకలేదనో, తల నొస్తోందనో అంటే, 'అలా కాదు, ఆ గొంతులో చెప్పు' అంటారు. తలనొప్పి సంగతి ఆ గొంతులో ఎలా చెప్పాలండీ?"

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు దాటింది. ఆయనకి మాటలు రావు, పాపం మితభాషి అనుకున్నానండీ. ఇవాళ మూడోసారి విన్నప్పుడు అర్థమైంది. వచ్చు. ఇంత మామూలు మాటలు, ఇంత ముద్దుగా వచ్చు. అన్నీ మీ దగ్గర అయిపోయాయి."

"వదినా, నీళ్ళు తాగుతావా?"

"వద్దు. నేను... ఏం వద్దు. రెండేళ్ళుగా వాడు వింటున్నది నన్నా?"

"మిమ్మల్నేనండీ. నేను మధ్యలో రేడియోలాగా."

"వినేవాడు వెళ్ళడమెందుకు? వెళ్ళినవాడు... పిచ్చుకా, మీ అన్నని పదమూడుసార్లు చంపినా నాకు సరిపోలేదే."

"ఉండు వదినా. ఈవిడ బయల్దేరారు. మీరెక్కడికండీ?"

"ఇంటికమ్మా. మిగిలిన సీన్లు రేపొచ్చి చెప్తాను, ఆ పని ఆగదు. ఇవాళ మాత్రం కొంచెం త్వరగా వెళ్ళాలి. మా అక్కకి ఫోన్ చేశాను, గది ఖాళీ చేసి ఉంచుతానంది. ఆయనకి చెప్పేసి వెళ్ళిపోతాను."

"వాణ్ణి వదిలేసి వెళ్తున్నావా?"

"అవునండీ."

"ఆగు. ఆగు, కూర్చో. ఏమని చెప్తావు?"

"వెళ్తున్నానని."

"అంతేనా? ఊరికే వెళ్తున్నానంటే వాడికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. తల ఊపి ఊరుకుంటాడు, నా దగ్గర అలాగే ఊపాడు. వాడికి ఎక్కడ తగిలితే లేవలేడో నాకు తెలుసు. నాలుగే మాటలు. వింటే నిద్ర పట్టకూడదు, తిన్నది సయించకూడదు. పిచ్చుకా, ఆ కాగితం ఇటివ్వు. పెన్ను ఏది?"

"వదినా, వద్దేమో."

"నువ్వు ఊరుకో. ఇదిగో అమ్మాయ్, పది నిమిషాలు కూర్చో. నీ తరఫున, నా తరఫున, ఇద్దరి తరఫునా రాసిస్తాను. గుమ్మంలో నిలబడి అది చెప్పి వెళ్ళు. వాడు చచ్చేదాకా మర్చిపోడు."

"వద్దండీ."

"ఎందుకొద్దు? వాడంటే ఇంకా జాలా?"

"జాలి కాదండీ. మీరు రాసిస్తే, ఆయన ఇంకోసారి చెప్పమంటారు."