రెండో డిస్కు ధీమా

భోజనాల బల్లంతా ఆక్రమించి ఆయనగారు కంప్యూటర్ బిగిస్తున్నాడు. కూర గిన్నె ఎక్కడ పెట్టాలో తెలియక ఆవిడ పక్కనే నిలబడింది.

"హార్డ్ డిస్కులు రెండెందుకండీ?"

"ఇందులో ఏది పడితే అందులోనూ అదే పడుతుంది. ఒకటి చెడినా రెండోది ఉంటుంది. పాప వీడియోలకి ఇక ఢోకా లేదు."

"మరి నేను పొరపాటున చెరిపేస్తే?"

"రెండోదాంట్లో ఉండి చస్తుందిగా! కావాలంటే చూడు. పాప తొలి అడుగుల వీడియో ఇదిగో, పూర్తిగా తీసేశా. ఇప్పుడీ డిస్కు తీగ పీకేసి, రెండోది తెరిస్తే..."

"ఊఁ?"

"ఆగు."

"ఆగాను."

"అదేంటి, ఇందులోనూ లేదు!"

"ఇందులో ఏది జరిగితే అందులోనూ అదేనని మీరేగా అన్నారు?"

ఆయన పీకేసిన తీగ మళ్లీ తగిలించి చూశాడు.

"ఇప్పుడెలాగే? వీడియోలన్నీ వీటిలోకి ఎక్కించాక, పాత డిస్కు కూడా నిన్ననే తుడిచిపెట్టేశాను."

"ముందు ఈ సామానంతా తీసి భోంచేయండి. అన్నిటికీ ఇంకో కాపీ మా అక్క బీరువాలో ఉంది."

"ఎప్పుడు దాచావు?"

"మీరు స్క్రూడ్రైవర్ కొనుక్కొచ్చిన రోజే."