పెట్రోలు ముల్లు

భోజనాల బల్ల మీద కారు మీటరు మళ్ళీ విప్పి ఉంది. దాన్ని చూడగానే ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"మళ్ళీ మొదలెట్టారా?"

"చిన్న పొరపాటేనే. మొన్న మీటరులో బల్బు మార్చడానికి పెట్రోలు ముల్లు పీకానా, తిరిగి పెట్టేటప్పుడు కాస్త జరిగింది."

"కాస్తా? ట్యాంకు ఎండిపోతే సగం చూపించింది! అమ్మని కంటి ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే కారు వంతెన మీద ఆగిపోయింది. ఎండలో ఆవిణ్ణి నడిపించుకెళ్ళేసరికి డాక్టరు వెళ్ళిపోయాడు."

"అరవకు. సరిచేస్తున్నాగా."

"ముల్లు అసలెక్కడ ఉండేదో గుర్తుందా?"

"ఉజ్జాయింపుగా..."

"ఉజ్జాయింపుగానట!" ఆమె ఫోను అతని ముందు పెట్టింది. "చూడండి. మీరు పీకకముందు నేను తీసిన ఫోటో."

"ఇదుంటే అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్పాను. ముందు గుర్తు పెట్టుకోండి అన్నాను. 'నీకేం తెలుసు, వెళ్ళి టీ పెట్టు' అన్నారు. పెట్టాను."

అతను ఫోను అందుకోబోయాడు. ఆమె లాగేసుకుని కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"ఆ స్క్రూడ్రైవర్ ఇటివ్వండి. నా టీలో చక్కెర తక్కువ వెయ్యండి."