మాణికన్న ముందలి పన్ను

ఫోటోల పెద్ద డోలు మీద చెయ్యి పెట్టుకోని నిలవడ్డది నేనే బిడ్డా, ఇంకెవరనుకున్నవు? కోటు ఎర్రది. ఫోటోల నల్లగ పడ్డది, నువ్వే ఎర్రగ అనుకోవాలె. మెడదాక గుండీలు, మెలిపెట్టిన మీసం, సూసినవా? ఇప్పటికి గంతే. పాలపాకిటుకు పోవాలన్నా మెడగుండీ పెట్టంది గడప దాట. గర్వం అంటది మా ఇంటామె. గర్వం కాదు బిడ్డా, ఎదుటోళ్ళ మీద దయ. పొద్దుగాల్నే ఒక చక్కటి మనిషి కండ్లవడితె వాళ్ళ దినం మంచిగ పోతది. ఊరికి గామాత్రం చెయ్యకపోతె ఎట్ల? ఆఁ, నీ పెండ్లికి డీజే పెట్టిస్తున్నవంట గద. పెట్టు పెట్టు, నేనేమన్న. మా గోడ పడకుంటె సాలు.

నా పక్కపొంటి నోరు మూసుకోని నిలవడ్డాయన? అందరం పండ్లు ఇకిలిస్తుంటె ఆయనొక్కడే మూసుకున్నడు గదా. ఆయనే మాణికన్న. మా పీటర్ బ్యాండుల క్లార్నెట్ ఆయనది. జహీరాబాద్‌ల అప్పుడు పెండ్లంటె పీటరన్న బ్యాండే, ముంగట నిలవడి కట్టె ఊపేది ఆయన. పందొమ్మిదొందల అరవై అటో ఇటో, నాకు లెక్క ఎన్నడు కుదరలె, బడికి పోలేదు గద. పెండ్లిళ్ళ కాలం వచ్చిందంటె ఇంట్ల పండుకున్నది తక్కువ, బండి మీద పండుకున్నది ఎక్కువ. సడకు ఉన్నకాడికి బస్సు, మా డోలు బస్సు మీదికెక్కి రాజాలెక్క కూసుంటుండె, మేము లోపట కోళ్ళ గంపల నడుమ నిలవడుతుంటిమి. సడకు అయిపోయినంక ఎడ్లబండి. రాయికోడ్ దిక్కు పోతుంటె ఇటు జొన్న, అటు తొగరి, గదే కంది, నడుమ ఎర్రమట్టి తొవ్వ. బండాయన కునుకుతుండె, ఎడ్లు గూడ కునుకుతున్నట్టే ఉండె. డోలుకు తల ఆనిచ్చి పండుకుంటె చక్రం సప్పుడు డోలు లోపట తిరుగుతుండె, నీళ్ళల్ల మునిగి ఇంటున్నట్టు. ఏ ఊరి నుంచి వస్తున్నమో, ఏ ఊరికి పోతున్నమో జర సేపు ఎవరికి యాదికుండకపోతుండె. పెండ్లిపిల్లగాని పేరడిగితె పీటరన్న గూడ నెత్తి గోక్కుంటుండె.

ఏం చెప్తున్న? ఆఁ, పన్ను. మాణికన్న ముందలి పై పన్ను ఊగుతుండె. క్లార్నెట్ ఊదాలంటె మీది పండ్లు దాని ముక్కు మీద ఆనాలె బిడ్డా, కింద పెదిమ మడతపెట్టాలె. పన్ను లేకపోతె పట్టు లేదు, పట్టు లేకపోతె ఊరంత ఇనవడే సప్పుడు లేదు. పీటరన్న చెడ్డోడు కాదు. కని ముందుగాల్నే చెప్పిండు: "మాణిక్, నీ పన్ను ఉన్నన్ని దినాలు క్లార్నెట్ నీది. ఊడిన్నాడు బీదర్ నుంచి అమర్నాథ్‌ను పిలుస్త. మనసుల పెట్టుకోకు తమ్మీ, బ్యాండు నడవాలె." మాణికన్నకు పెండ్లాం లేదు, పిల్లలు లేరు, ఉన్నదంత ఆ నల్లకట్టెనే. అందుకే రొట్టె పాలల్ల నానవెట్టి తినుడు, చెరుకు ముట్టకపోవుడు, నవ్వితె చెయ్యి అడ్డం పెట్టుకునుడు. ఇగ మేమేమో సూడనట్టు ఉండేది. నేనైతె మరీ తెలివి, "మాణికన్నా, నీ పన్ను దిక్కు నేను సూస్తలేను" అని రోజు చెప్తుంటి.

ఒకసారి మొగుడంపల్లి కాడ పెండ్లి. తెల్లారినంక అప్పగింతలు. ఆ ఇంట్ల ఒక రివాజు, పిల్లను సాగనంపే ముంగట ఊదేటాయన నోరు తీపి చేయాలె, తీపి నోటితోని ఊదితె పిల్ల కాపురం తీపిగ ఉంటదని. పిల్ల నాయినమ్మ, నాగవ్వ, నువ్వుల లడ్డు పట్టుకోని వచ్చింది. లడ్డు కాదది, గుండు. పాకం ముదిరింది. "తిను కొడుకా, నా మనుమరాలు పోతాంది. నా కండ్ల ముంగట కొరుకు." "అవ్వా, జేబుల పెట్టుకుంట, తొవ్వల తింట." "జేబుల పెడితె నోరెట్ల తీపైతది? కాదంటవా? పిల్లకు మంచిది కాదు." పీటరన్న నడుమల సొచ్చి, "అవ్వా, ఇగో నేను తింట, ఇయ్యి" అన్నడు. "నువ్వు కట్టె ఊపేటోనివి, నువ్వు తింటె ఏమొస్తది?" అన్నది ముసల్ది.

మాణికన్న ఆ పిల్ల దిక్కు సూసిండు. సావిత్రమ్మ ఆ పిల్ల పేరు, బండిల కూసోని చీర కొంగు ముడేస్తుంది, ఇప్పుతుంది. ఇగ ఏమనుకున్నడో, లడ్డు తీసుకోని కొరికిండు. పన్ను లడ్డుల ఉండిపోయింది.

మేమందరం సూసినం. ఇగ సూడనట్టు ఉండేదేం లేదు. ఆయన మెల్లగ నోరు తుడుసుకున్నడు, రెండు పెదిమలు లోపటికి మడిసి, క్లార్నెట్ పెట్టుకున్నడు. గాలి వచ్చింది. ఉత్త గాలి. మల్ల ఊదిండు. గా గాల్లకెల్లి సన్నగ ఒక పాట వచ్చింది బిడ్డా, తొగరి చేన్లకెల్లి పోతున్నట్టు. పీటరన్న నా దిక్కు కన్ను గీటిండు, "బంద్ చెయ్యి." నేను కట్టె ఆపిన. చిన్న డోలు ఆగింది. ఏడ్సేటోళ్ళకు పాట ఇనవడుత లేదని ఒక్కొక్కరు ఏడుపు ఆపిన్రు. ఆఖరికి అందరు నోరు మూసుకోని ఇంటున్నరు. ఎవ్వరు ఏడుస్తలేని అప్పగింతలు నేను గదొక్కటే సూసిన. పిల్లగాని నాయిన ఇంద్రసేన గరమైండు: "ఏంది పీటరూ, ఏడుపు లేదు, సప్పుడు లేదు! ఊరోళ్ళు పెండ్లి అనుకోవాల్నా, ఏమనుకోవాలె?" బండిలకెల్లి సావిత్రమ్మ అన్నది, మామ ముంగట్నే, "ఇంకొక్కపారి ఊదుమనున్రి." ఊదిండు. బండి కదిలింది.

అమర్నాథ్ వచ్చిండు, రాకుంట ఉంటడా. బజార్ల సప్పుడు గావాలె గద. మాణికన్న క్లార్నెట్ తుడిసి, పీటరన్న చేతుల పెట్టి, వాయించే ఇత్తడి తాళాలు తీసుకున్నడు. ఈ ఫోటో గప్పటిదే, చేతుల తాళాలున్నయి సూడు. కని ఊరు దాటి బండెక్కినంక అమర్నాథే క్లార్నెట్ తీసి ఇస్తుండె, "అన్నా, జర" అని. ఊర్లల్ల అది అమర్నాథ్‌ది, తొవ్వల మాణికన్నది. ఊదుతుండె పెదిమలు మడిసి, ఎవ్వరి కోసం కాదు, జొన్నకంకులకు, ఎడ్లకు. ఎడ్లు నడక తగ్గిస్తుండె. ఏ పెండ్లికైన జర లేటుగ పోతుంటిమి, పీటరన్న తిట్టకపోతుండె. అట్ల ఎన్నేండ్లు తిరిగినమో. ఇగ ఒక పెండ్లిళ్ళ కాలం ఆయన లేకుంటనే బండి కట్టినం.

నాకు నేర్పిండు బిడ్డా ఆ పాట. బండి మీద పక్కన కూసోవెట్టుకోని, నా మూతి సవరించుకుంట నేర్పిండు. అప్పుడు నోటి నిండ పండ్లుండె, అవి అడ్డమొస్తున్నయి అనుకున్న. ఇప్పుడవి గూడ పోయినయి. పాట మాత్రం నాకింక రాలే.