కాల్చని చీటీ

హలో… ఆ, నేనే. కుట్టుమిషను చెల్లెల్ని. … అదేనక్కా, నేనే. గొంతు మారిందా? జలుబులే.

… కుడి చెవికి పెట్టుకో. కుడి చెవికి! … ఆ. ఇప్పుడు వినపడుతోందా? … అమ్మయ్య.

— లేదు, పని మీద కాదు. చర్చి పీఠం మీద పరిచే గుడ్డలు రేపు ఇచ్చేస్తాను, అంచులు కుట్టడమొక్కటే మిగిలింది. … దానికోసం చేయలేదక్కా.

— ఒక్క నిమిషం. … నర్సమ్మగారూ, కూర్చోండి, మీ యూనిఫాం అయిపోయింది, రెండు గుండీలే. … ఆ, చెప్పక్కా. షాపులో మనిషి ఉంది. నీకు వినపడేలా మాట్లాడితే ఆవిడకీ వినపడుతుంది. ఉండు, బట్టలు మార్చుకునే గదిలోకి పోతాను.

… ఆ. తెర వేసుకున్నాను. ఎదురుగా నిలువుటద్దం. ఈ అద్దం ఇవాళే కనపడాలా నాకు.

— ఏం లేదు. … తొమ్మిది రోజులైందక్కా నువ్వు పూజకు రాక. అందరూ అడుగుతున్నారు. … ఎవరూ ఫోన్ చేయలేదా? … మొహమాటం అక్కా. ఏమని చేస్తారు?

… అవును, చూశాను. ఆదివారం చర్చి పత్రిక చూశాను. "పాటల బృందానికి ఇరవై రెండేళ్ళ సేవకు చర్చి తరఫున కృతజ్ఞతలు, ఇకపై విశ్రాంతి కోరుకుంటూ"… అవును, చచ్చినవాళ్ళకు వేసినట్టే ఉంది. … కింద సమాధుల దగ్గర గడ్డి కోయడానికి మనుషులు కావాలన్న ప్రకటన. దాని పైన నువ్వు.

… నవ్వుతున్నావా? … ఏడుస్తున్నావా? … సరే, సరే. నేనేమీ అనను.

— ఫాదర్‌గారి మీద కోపం పెట్టుకోకు. పత్రికలో చూసుకుని తెలుసుకోవడం తప్పే, ముందు నీతో ఒక మాట చెప్పాల్సింది. కానీ ఆయన మంచి మనసుతోనే చేశారు. పాటల బృందం బరువు దించుకోవాలని నీకే ఉందనుకున్నారు. … ఎందుకు అనుకున్నారంటే… దానికే వస్తున్నా. అది చెప్దామనే…

— ఏంటి? … ఫాదర్‌గారికి నీ చెవుల సంగతి ఎవరు చెప్పారో తెలిసిపోయిందా?

… ఎవరు?

… కోడలా?

… అంటే, నువ్వు అనుమానపడుతున్నావా, లేకపోతే… తనే ఒప్పుకుందా? ఎప్పుడు? … ఈ పొద్దునా.

… చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది తనే కాబట్టి ఇంకెవరికీ తెలిసే వీల్లేదని… ఆ. ఆ. నీ లెక్క నీకు సరిగ్గానే ఉంది.

… కాళ్ళు పట్టుకుందా.

… "నేనే ఫాదర్‌గారికి చెప్పానత్తయ్యా, క్షమించండి" అందా. అలాగే అందా? … మరి నువ్వేమన్నావ్? … "సరేలే, లే" అన్నావా. తొమ్మిది రోజులయ్యాక తనతో అదే మొదటి మాటా.

ఆ… మంచిదే. … మంచిదేలే అక్కా. ఇంట్లో గొడవ సద్దుమణిగింది, ఇంకేం కావాలి. … నేనా? నేనేం చెప్పబోయాను… ఏం లేదు. ఊరికే. ఎలా ఉన్నావో కనుక్కుందామని. … ఆ, జలుబే. వేణ్ణీళ్ళు తాగుతున్నా. … సరే అయితే. ఉంటాను. … ఆ, ఉంటాను.

…

అక్కా! పెట్టకు. … పెట్టొద్దు. ఉన్నావా?

… ఆ పిల్ల అబద్ధం చెప్పింది.

… అబద్ధం! నీ కోడలు! ఫాదర్‌గారికి తను ఏమీ చెప్పలేదు. … నాకెలా తెలుసంటే…

ఉండు. ఒక్క నిమిషం.

… శనివారం నవదిన ప్రార్థనలో విన్నపాల పెట్టె ఉంటుంది కదా. చీటీలు తీసి చదివేది నేనే కదా. … ఆ. పేర్లు ఉండవు. ఉన్నది ఉన్నట్టు చదవాలి, చదవగానే ధూపం నిప్పుల్లో వేసేయాలి. పదకొండేళ్ళలో ఒక్క చీటీ నా చెయ్యి దాటి బయటికి పోలేదు. నువ్వే అనేదానివి, దీని దగ్గర రహస్యం ఉంటే పాతిపెట్టినట్టే అని. … అనేదానివి.

నీ చీటీ నాకు తెలిసిపోయిందక్కా.

… ఎడమ చేత్తో రాశావు, నిజమే. అక్షరాలు చూసి గుర్తుపట్టలేదు. వెనక్కి తిప్పితే పాత పాటల కాయితం. చింపిన ముక్క. పెన్సిలుతో "ఇక్కడ ఊపిరి" అని. … అదే. నువ్వు తప్ప మన చర్చిలో పాట కాయితం మీద ఊపిరి ఎక్కడ తీసుకోవాలో రాసేవాళ్ళెవరు? తొమ్మిదేళ్ళు నీ బృందంలో కూర్చున్నాను, ఆ గీత నాకు తెలీదా.

… చదివాను. "తల్లీ, నా చెవులు ఈ ఒక్క పండుగ దాకా నిలబెట్టు, పిల్లల ముందు నా పరువు పోనివ్వకు." బాగానే చదివాను. తడబడలేదు. అందరూ "ప్రభువా, మా ప్రార్థన ఆలకించండి" అన్నారు. నువ్వు కూడా అన్నావు, రెండో వరసలో కూర్చుని.

… కాల్చలేదు.

… కాల్చలేదు అంటున్నా!

… నువ్వు చూశావు నిజమే. నిప్పుల్లో వేసింది వేరే కాయితం. జేబులో ఎవరివో కొలతల కాయితం ఉంటే అది వేశాను. పీఠం ముందు నిలబడి, అంత మంది చూస్తుండగా. నీ చీటీ అరచేతిలో మడిచి పెట్టుకున్నాను.

— నర్సమ్మగారూ, వచ్చేస్తున్నా! … ఏం కాలేదండీ, మా అక్కకు కొంచెం వినపడదు. … ఆ, కూర్చోండి.

… ఉన్నాను. సోమవారం పొద్దున్నే తీసుకెళ్ళి ఫాదర్‌గారికి చూపించాను. "నాకు భయంగా ఉంది ఫాదర్, పండుగ నాడు బిషప్ గారి ముందు ఆవిడకు అవమానం జరిగిపోతుందేమో" అన్నాను. కళ్ళనీళ్ళు కూడా పెట్టుకున్నాను. … నిజం కన్నీళ్ళే అక్కా. అదే నాకు ఇప్పటికీ అర్థం కావట్లేదు.

… ఎందుకంటే ఏం చెప్పను.

… నీ మంచికి కాదు. నీ మంచికి అయితే నీ దగ్గరికే వచ్చేదాన్ని.

… గట్టిగా చెప్పాలా? … అక్కా, షాపులో మనిషుంది. … సరే. సరే! కీర్తన పాడాలని! పండుగ పూజలో కీర్తన నేను పాడాలని! నువ్వు ఉండగా నాకు ఎప్పటికీ ఇవ్వవని! … వినపడిందా? ఇంతకన్నా గట్టిగా అరవలేను, మిషన్ల మీద దుమ్ము లేస్తుంది.

… నీకు గుర్తు లేదేమో. నాకు ఉంది. పదకొండేళ్ళ కిందట, ప్రాక్టీసులో, పదిహేను మంది ముందు అన్నావు. "నీది పాడే గొంతు కాదమ్మా, చదివే గొంతు." ఆ రోజు నుంచి వెనక బెంచీలో కూర్చుని చీటీలు చదువుతున్నాను. … కక్షే. ఇంకేం పేరు పెట్టను దానికి.

… మెచ్చుకోలుగా అన్నావా?

… నువ్వే చెప్పావా? ఫాదర్‌గారికి, పాత ఫాదర్‌గారికి? చదవడానికి నన్నే పెట్టమని? … నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు నాకు. … "ఆ గొంతులో చదివితే ఎవరి బాధ వాళ్ళకు తేలికవుతుంది" అన్నావా.

చాలక్కా. ఇంకేం చెప్పకు. అద్దం వైపు వీపు పెట్టి నిలబడ్డాను.

… పాడాను. పండుగ దాకా కూడా ఆగలేదు, మొన్న ఆదివారమే. బృందాన్ని కొత్తగా చూసుకునే అమ్మాయి అడగ్గానే ఇచ్చింది. … ఎలా పాడానంటే… మూడో చరణంలో శృతి తప్పింది. అలవాటుగా నీ చెయ్యి కోసం చూశాను, ఎత్తుకోమని చూపిస్తావు కదా. అక్కడ స్టాండు ఉంది, నువ్వు లేవు. ఎవరూ ఒక్క మాట అనలేదు. పూజయ్యాక నా దగ్గరికొచ్చి "బాగుంది" అన్నది ఒక్కరే, అదీ మా ఇంటాయన. ఆయనకు పాటకూ ప్రసంగానికీ తేడా తెలీదు.

… నవ్వకు అక్కా. నవ్వితే ఇంకా సిగ్గుగా ఉంది.

— పాపసంకీర్తనం కూడా చేశాను, నా తప్పంతా ఒప్పుకున్నాను. ఎవరి దగ్గరంటే, ఆయన దగ్గరే! ఎవరికి చూపించానో ఆయన దగ్గరే మోకాళ్ళ మీద కూర్చున్నాను. "నాకు చెప్పింది చాలదు, ముందు ఆవిడకు చెప్పు" అన్నారు. … రెండుసార్లు మీ సందు మొదటిదాకా వచ్చాను. మొహం చెల్లక వెనక్కి పోయాను. అందుకే ఫోను. ఫోనులో అయితే మొహం కనపడదని.

… చీటీ నా దగ్గరే ఉంది. ఏం చేయమంటే అది చేస్తాను. నిప్పుల్లో వేయమంటే… ఆ. నీ ఇష్టం.

నీ బృందం నీకు తిరిగి ఇమ్మని కమిటీకి నేనే చెప్తాను. ఏం చేశానో కూడా చెప్తాను, దాచను. … ఇస్తారో లేదో తెలీదు. ఇవ్వకపోతే… ఏమో అక్కా. నాకు తెలీదు.

— ఏంటి?

… వినపడలేదా? ఇంతసేపూ బాగానే వినపడిందిగా. … ఏ ముక్క? … "ఫాదర్‌గారికి ఎవరు చూపించారు" అన్న ముక్కా? అది ఒక్కటే వినపడలేదా?

అక్కా, నువ్వు విన్నావు.

… ఫోను కోడలికి ఇస్తావా? తనకు చెప్తే తను నీకు చెప్తుందా? … వద్దక్కా. నీకు చెప్పగలిగాను, తనకు… తొమ్మిది రోజులు నా బదులు తను… అక్కా, ఇవ్వకు, రేపు నేనే వచ్చి… అక్కా—

…

ఆ. … తల్లీ. కుట్టు పిన్నిని.

… నీకు వినపడింది, నాకు తెలుసు. పక్కింటికే వినపడి ఉంటుంది. అయినా నీ చెవిన వేయమంది మీ అత్తయ్య.

చీటీ చూపించింది నేను. నువ్వు కాదు. నేను.

… ఎందుకు ఒప్పుకున్నావు తల్లీ? నువ్వు చేయని దానికి?

… అన్నం మానేసిందా. తొమ్మిది రోజులు నీ చేతి ముద్ద ముట్టలేదా. … ఎవరో ఒకరు ఒప్పుకుంటే తప్ప తినేలా లేదని నువ్వు… ఆ. … చెవుల మందు వేసుకోవాలంటే కడుపులో ఏదో ఒకటి పడాలని డాక్టరు చెప్పాడా.

… తిట్టు తల్లీ. పిన్నీ అనకు, తిట్టు. … ఎందుకు తిట్టవు? … అలిసిపోయావా.

… సరే.

మీ ఆయనకు కూడా చెప్తాను నేను. ఆయన కూడా నిన్నే అన్నాడంటగా. … ఎవరు చెప్పారా, ఊరంతా చెప్పారు. విని ఊరుకున్నాను. మీ ఇంట్లో నిన్ను అంటున్నారని తెలిసి కూడా ఎనిమిది రోజులు గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నాను. అది కూడా నేనే చెప్పుకోవాలి.

… తల్లీ? … ఉన్నావా? … ఎవరు పిలుస్తున్నారు? అత్తయ్యా? … వెళ్ళు, వెళ్ళమ్మా. నేను లైన్లోనే ఉంటాను.

…

హలో?

… ఫోను బల్ల మీద పెట్టేసినట్టున్నారు. … అక్కా? … తల్లీ?

…

అక్కా, నీ మాట ఇక్కడికి వినపడుతోంది. … ఫోను కట్ చేయలేదు మీరు. … నువ్వు తనతో చెప్తున్నదంతా…

హలో! ఎవరైనా ఫోను తీయండి! … గట్టిగా అరిచినా వినపడట్లేదు మీకు. …

అయ్యో, ఏడవకు అక్కా. … తల్లీ, నువ్వైనా ఆవిణ్ణి లేపు, ఈ వయసులో నీ కాళ్ళ దగ్గర అలా…

… కాదు. నేను వినకూడదిది. మీ ఇద్దరి మాట. నా చేతికి పొరపాటున వచ్చింది, అంతే.

పెట్టేస్తున్నా అక్కా. మీరు మాట్లాడుకోండి. నేను ఒక్క ముక్క కూడా వినను. … పెట్టేస్తున్నా.